కంపోస్టు బకెట్ కంపు కొడుతోందా? ముందు ఎండుటాకులు పోగేయండి

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. చెత్త తగ్గిద్దామని మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ బకెట్‌లో కూరగాయల తొక్కలు వేస్తూ, వీడియోలో చూసినట్టు బెల్లం నీళ్లు, పుల్ల మజ్జిగ పోశాను. రెండు వారాలకే మురుగు వాసన, అడుగున నల్లనీళ్లు, లావుపాటి పురుగులు. పక్క ఫ్లాట్ వాళ్లు గొడవ చేశారు. మట్టి కుండలో మళ్లీ మొదలుపెట్టినా అదే పరిస్థితి. "ఇంక చాలమ్మా" అన్నారు అత్తయ్య. తప్పు ఎక్కడ జరిగింది? అసలు ఇంత తంటా అవసరమా? ఆర్వో నీళ్లు పారబోయకుండా వాడుకోవడం, ఫ్యాన్లు మార్చడం, గుడ్డ సంచులు పట్టుకెళ్లడం లాంటి తేలిక పనులతో సరిపెట్టుకోవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండుసార్లూ మీరు వేసినవి చూస్తే తొక్కలు, బెల్లం నీళ్లు, మజ్జిగ. అన్నీ తడివే. పొడిగా ఉండే పదార్థం ఒక్కటీ లేదు. బకెట్ అయినా కుండ అయినా ఫలితం ఒకేలా రావడానికి కారణం అదే.

కూరగాయల తొక్కల బరువులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. అవి మెత్తబడేకొద్దీ ఆ నీరు ఊరి, ముక్కల మధ్య ఉన్న సందులన్నిటినీ నింపేస్తుంది. గాలి ఆడే దారి మూసుకుపోతుంది. గాలితో బతికే సూక్ష్మజీవులు వెనక్కి తగ్గి, గాలి అక్కర్లేనివి విజృంభిస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన వాటి పనే. బిగుతు మూత, పైనుంచి పోసిన నీళ్లు ఆ పనిని ఇంకా తొందర చేశాయి. బెల్లం నీళ్లు పోస్తే సూక్ష్మజీవులు పెరుగుతాయని వీడియోల్లో చెబుతుంటారు. అవి తొక్కలతోపాటే కావలసినన్ని వస్తాయి. వాటికి అందనిది గాలి.

రెండో సంగతి కర్బనం, నత్రజనుల పొత్తు. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే సూక్ష్మజీవులు చక్కగా పనిచేస్తాయి. వంటింటి తొక్కల్లో కర్బనం సాధారణంగా 15–20 పాళ్లే. మిగిలిపోయిన నత్రజని అమ్మోనియాగా మారి ముక్కుపుటాలు అదరగొడుతుంది. ఎండుటాకుల్లో, కొబ్బరి పొట్టులో కర్బనం బాగా ఎక్కువ కాబట్టి అవి కలిస్తే లెక్క సరిపోతుంది. తడి పీల్చుకుంటాయి, సందులూ నిలబెడతాయి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గిన్నె తడికి గిన్నె పొడి, వానాకాలంలో గిన్నెన్నర పొడి. కొలత బరువుతో కాదు, గిన్నెతోనే.

ఇంత తంటా అవసరమా అన్నారు. తడి, పొడి వేరు చేయడం తప్పనిసరి. ఎరువు చేయడం మాత్రం వీలును బట్టి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల నుంచీ వేరు చేసి ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యత. హైదరాబాద్‌లో ఆకుపచ్చ బుట్ట తడికి, నీలం బుట్ట పొడికి. అయితే తడి చెత్త గుట్టల కింద గాలి లేకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఇక ఆ గుట్టల నుంచి ఊరే నల్లనీళ్లు ఏం చేస్తాయో జవహర్‌నగర్ డంప్‌యార్డు పక్కనున్న మల్కారం చెరువు కలుషితమైన తీరే చెబుతుంది. ఐదుగురున్న ఇంట్లో రోజుకు కిలో, కిలోంబావు తడి చెత్త వస్తుంది. అది ఇంట్లోనే ఆగిపోతే మిగిలిన పొడి చెత్త మురికి పట్టకుండా ఉంటుంది, పాత సామాన్లవాళ్లు కొనే స్థితిలో ఉంటుంది. గుడ్డ సంచి కంటే ఈ ఒక్క పనికే ఎక్కువ విలువ అని మా అభిప్రాయం. కాబట్టి ఇంకోసారి చేయండి, కానీ తొక్కలతో మొదలుపెట్టకండి. ముందు ఎండుటాకులు సమకూర్చుకోండి. రెండు బస్తాలు నిండేదాకా డ్రమ్ము తెరవనే వద్దు.

ఆకులు అపార్ట్‌మెంట్ కింద రోజూ ఊడ్చి కాల్చేసేవో, బండికి ఎత్తేసేవో ఉంటాయి. వాచ్‌మన్‌కు చెబితే పక్కన పెడతారు. 25 కిలోల బియ్యం సంచిలో నింపి, కాళ్లతో తొక్కితే ఎండుటాకులు పొడై సగానికి దిగుతాయి. వేప, రావి ఆకు మంచిది. బాదం, మామిడి ఆకులు మందం, వాటిని నలిపే వేయాలి, లేకపోతే చాపలా పరుచుకుని గాలిని అవే ఆపేస్తాయి. మీ ఇంటికి నెలకు రెండు మూడు సంచులు పడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొడి ఆకు దొరకడం కష్టం. మన దగ్గర వేప ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుస్తుంది. ఏడాదికి సరిపడా పోగుచేసుకునే అదను అదే.

ఆకులు దొరకని వాళ్లకు కొబ్బరి పొట్టు ఇటుక. ఐదు కిలోల ఇటుక నానబెడితే సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అట్ట మీద రాసినట్టు బక్కెట్ నీళ్లలో నానబెట్టి, ఆ తడి పొట్టునే తొక్కల మీద వేస్తారు. అంటే తడి మీద తడి. విడిపోవడానికి కావలసినన్ని నీళ్లే చల్లి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, డబ్బాలో పోసుకోండి. పొట్టు ఒక్కటే వేస్తే ముద్దగా దిగిపోతుంది కాబట్టి గుప్పెడు కొబ్బరి పీచో, చింపిన గుడ్ల అట్టలో కలపండి. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు ఉచితంగా దొరుకుతుంది గానీ, అది ప్లైవుడ్‌ది అయితే వద్దు. అందులో జిగురు రసాయనాలు ఉంటాయి.

ఇప్పుడు పాత్ర. ఐదుగురికి ఒక బకెట్ చాలదు. 35–40 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు మూడు తీసుకోండి. ఒకటి నిండడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మూడోది నిండేసరికి మొదటిదానికి ఆరేడు వారాల విశ్రాంతి దొరికి ఉంటుంది. పాత పెయింటు బకెట్లు 20 లీటర్లవి అయితే ఐదారు కావాలి. చుట్టూ నాలుగంగుళాల ఎడంతో మూడు వరసల రంధ్రాలు, అడుగున ఆరేడు పెట్టించండి. రంధ్రం ఆరు మిల్లీమీటర్లు ఉంటే చాలు. ప్లంబర్ డ్రిల్లుతో పది నిమిషాల్లో పెట్టేస్తాడు. కాల్చిన మేకుతో గుచ్చితే ప్లాస్టిక్ పొగ పీల్చాల్సి వస్తుంది, డ్రమ్ము పగులుతుంది కూడా. రంధ్రాలకు లోపలివైపు దోమతెర ముక్కలు అతికించండి. డ్రమ్మును రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి, కింద పళ్లెం ఉంచండి. పక్కింటి గోడకు ఆనించవద్దు, బాల్కనీ అంచున కూడా వద్దు. కింది ఫ్లాట్ వాళ్లు ఆరేసిన బట్టల మీద ఒక్క నల్ల చుక్క పడినా మీ ప్రయోగం అక్కడితో ముగుస్తుంది.

అడుగున మూడంగుళాల మందం ముతక సామగ్రి వేయండి. కొబ్బరి పీచు, సన్న పుల్లలు, నలపని ఆకులు ఏవైనా సరే. దాని మీద పాత ఎరువో, ఎండిన పేడ పొడో రెండు గుప్పిళ్లు చల్లండి. ఇవి లేకపోతే ఆకుల మీద ఒక్క గ్లాసు పుల్ల మజ్జిగ చిలకరించవచ్చు, అదీ మొదటిరోజు మాత్రమే.

రోజూ చేసేది ఐదు నిమిషాల పని. సింకు పక్కన చిల్లుల గిన్నె పెట్టి, తొక్కలు అందులోనే వేయండి. సాయంత్రానికి నీరు ఓడుతుంది. అంగుళం ముక్కలుగా తరిగి డ్రమ్ములో వేసి, అంతే కొలత ఆకుల పొడి పోసి, సగం దాన్ని కర్రతో కలిపి, మిగతా సగం పైన పరవండి. తొక్క ఒక్కటీ పైకి కనపడకూడదు. పండ్ల ఈగలు రాకుండా చేసేది ఈ పై పొరే. ఇది మానేసి మందులు చల్లినా ఉపయోగం లేదు. మూడు రోజులకోసారి అడుగుదాకా కలియబెట్టాలి. మూత వేయండి, బిగించవద్దు.

తడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు వస్తే సరైన పదును. ధారగా కారితే ఆకులు తక్కువ. పిండినా ముద్ద కట్టకుండా రాలిపోతే ఎండిపోయింది, నీళ్లు చిలకరించాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువమందికి వచ్చే చిక్కు ఈ ఎండిపోవడమే. వాసన లేదు కదా అని సంతోషిస్తారు గానీ లోపల పని ఆగిపోయి ఉంటుంది. చీమలు పట్టాయంటే కూడా పొడిబారిందనే అర్థం.

ఏవి వేయాలి అంటే పచ్చి కూరగాయలు, ఆకుకూరల కాడలు, అరటి తొక్కలు, ఉల్లి పొట్టు, పూజ పువ్వులు అన్నీ పనికొస్తాయి. పూలదండల దారం తీసేయండి, నూనె ఒత్తులు వద్దు. పాలు పోసి కాచిన టీ పొడిని ఒకసారి కడిగి వేయాలి. చింతపండు పిప్పి, నిమ్మ తొక్కలు రోజూ వచ్చేంతే అయితే ఇబ్బంది లేదు. ఊరగాయలు పెట్టిన రోజున బుట్టెడు నిమ్మ, మామిడి తొక్కలు ఒకేసారి పోస్తే పులిసిపోతుంది. గుడ్డు పెంకులు పొడి చేసి వేయండి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు ఏళ్లు గడిచినా అలాగే ఉంటాయి, వాటిని బండికి ఇవ్వండి. మిగిలిన అన్నం గుప్పెడు వరకు ఫరవాలేదు, అంతకు మించితే ఆకులు రెట్టింపు కావాలి. ఊరగాయలు, నూనె తేలే కూరలు, చేప ముళ్లు, ఎముకలు డ్రమ్ములోకి వద్దే వద్దు. 'కంపోస్టబుల్' అని ముద్ర ఉన్న సంచులు కూడా మీ డ్రమ్ములో కరగవు. వాటికి 55–60 డిగ్రీల వేడి వారాలపాటు నిలిచే పెద్ద ప్లాంట్లు కావాలి. ఇంటి డ్రమ్ము అంత వేడెక్కదు.

ఇక మీ అత్తయ్యను భయపెట్టిన పురుగులు. లావుగా, దొంతరలు దొంతరలుగా, మొదట తెల్లగా ఉండి తర్వాత గోధుమరంగుకు తిరిగేవి అయితే అవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. కుట్టవు, కరవవు, తొక్కల్ని వేగంగా తినేస్తాయి. పెద్దయ్యాక ఆ ఈగ ఇంట్లో అన్నం మీద వాలే రకం కాదు. అవి మితిమీరాయంటే తడి, వండిన పదార్థం ఎక్కువైందని గుర్తు. ఆకులు పెంచి, వారం రోజులు కొత్తది వేయకుండా కలియబెడితే తగ్గిపోతాయి. సన్నగా, ఒక కొస సూదిగా ఉండేవి మామూలు ఈగ పురుగులు. తొక్కలు పైకి కనపడుతున్నాయనే లెక్క. బొద్దింకలు రాత్రిపూట వస్తాయి. దోమతెర, సరిగ్గా కూర్చున్న మూత ఉంటే వాటి బెడద ఉండదు.

మళ్లీ వాసన వచ్చినా పారేయకండి. పాత గోనెసంచి పరిచి డ్రమ్మంతా దాని మీద కుమ్మరించి, ముద్దలు చిదిపి, దానికి సగం ఆకులు కలిపి, రెండు గంటలు ఆరనిచ్చి తిరిగి నింపండి. మర్నాటికే చాలావరకు పోతుంది. చాలామంది సున్నం చల్లుతారు. అది పొరపాటు. సున్నం పడితే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, వాసన ఘాటెక్కుతుంది, ఎరువు బలం తగ్గుతుంది. పులిసిన వాసన అయితే కట్టె బూడిద ఒక చెంచా చల్లవచ్చు.

డ్రమ్ము నిండాక కొత్తది వేయడం ఆపి, వారానికోసారి కలుపుతూ ఆరు నుంచి ఎనిమిది వారాలు వదిలేయండి. నల్లగా, పొడిపొడిగా మారి తొలకరి మట్టి వాసన వస్తే అయినట్టు. తొక్క ఆనవాలు కనపడకూడదు, చేయి పెడితే వేడి తగలకూడదు. జల్లెడ పట్టి, పైన నిలిచిన ముతకను తర్వాతి డ్రమ్ము అడుగున వేయండి. కుండీకి రెండు మూడు పాళ్ల మట్టిలో ఒక పాలు ఎరువు. ఉన్న మొక్కలకు నెలకు రెండు గుప్పిళ్లు. సగం మాగినదాన్ని వేస్తే అది కుండీలోనే కుళ్లుతూ వేళ్ల దగ్గర నత్రజనిని, గాలిని లాగేసుకుంటుంది. 'కంపోస్టు వేశాక మొక్క పసుపెక్కింది' అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

పక్క ఫ్లాట్ వాళ్లతో ముందే ఒక మాట చెప్పండి, మొదటి ఎరువు వచ్చినప్పుడు వాళ్ల తులసి కుండీకి ఒక డబ్బా ఇవ్వండి. అపార్ట్‌మెంట్ సంఘం ముందుకొస్తే ఇంకా తేలిక. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కుప్ప తనంతట తాను వేడెక్కి, ఇంటి డ్రమ్ము కంటే త్వరగా పని ముగిస్తుంది.

ఆర్వో సంగతికొద్దాం. ఇంట్లో వాడే యంత్రం లీటరు మంచినీళ్లకు సుమారు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ నీటిని ఎలా వాడాలి అనేదానికంటే ముందు అడగాల్సింది మీ నీటికి ఆర్వో అవసరమా అని. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కొలిచే మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల్లో వాంఛనీయ పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. నల్లా నీళ్లు ఆ లోపే ఉండి, వేరే రసాయన దోషమేదీ లేకపోతే యూవీ ఫిల్టరు చాలు, వృథా అన్నదే ఉండదు. ట్యాంకులో బోరు నీళ్లు, నల్లా నీళ్లు కలుపుతుంటారు కాబట్టి ఒక్కరోజు చూసి వదిలేయకుండా వేసవిలోనూ కొలవండి.

ఆర్వో తప్పదనుకుంటే వృథా గొట్టాన్ని 20 లీటర్ల క్యానులోకి పెట్టండి. నాలుగింట మూడు వంతులు బయటికి పోయే యంత్రంలో టీడీఎస్ 800 ఉన్న బోరు నీరు దాదాపు 1050 అయి బయటికొస్తుంది. నేల తుడవడానికి, బాత్‌రూమ్ ఫ్లష్‌కు, అంట్ల మొదటి కడుగుకు పనికొస్తుంది. స్టీలు మీద, అద్దాల మీద ఆరితే తెల్ల మరకలు పడతాయి. కుండీ మొక్కలకు మాత్రం పోయకండి, నేలలో ఇంకి పోయే దారి లేక ఉప్పు కుండీలోనే పేరుకుంటుంది. లోపలికి వచ్చే నీరే 300 అయితే వదిలేది 400 చుట్టూ ఉంటుంది, దాన్ని మొక్కలకు పోయవచ్చు. నీరు పొదుపని వృథా గొట్టాన్ని బిగించడం, మూసేయడం చేయకండి. లవణాలు మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) మీదే గడ్డకట్టి అది కొద్ది నెలల్లోనే పాడవుతుంది.

కరెంటులో మీ ఇంటికి లాభం ఫ్యాన్ల దగ్గర ఉంది. పాత సీలింగ్ ఫ్యాను 70–75 వాట్లు, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారు ఉన్న) రకం 30 చిల్లర. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 18 యూనిట్ల దాకా తగ్గుతుంది. బాగా తిరిగే హాలు ఫ్యానుతో మొదలుపెట్టి, మిగిలినవి చెడిపోయినప్పుడు మార్చండి. పాత రెగ్యులేటరును ఎలక్ట్రీషియన్‌తో తీయించేయాలి, దానితో ఈ ఫ్యాన్లు సరిగా పనిచేయవు. ఏసీ 24 దగ్గర పెట్టి ఫ్యాను కలిపి వాడితే చాలు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు కలిసొస్తుందని బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) లెక్క.

గుడ్డ సంచులు ఇప్పటికే అల్మారాలో పది ఉంటాయి, కొత్తవి కొనకండి. పత్తి పండించడానికి, నేయడానికి నీరు, కరెంటు బాగా ఖర్చవుతాయి కాబట్టి సంచి చిరిగేదాకా వాడితేనే ప్రయోజనం. స్కూటరు డిక్కీలో రెండు పడేస్తే మరచిపోయే సమస్య తీరుతుంది. పాల ప్యాకెట్లు కత్తిరించేటప్పుడు మూల తెగి విడిపోకుండా వేలాడేలా కోయండి. ఆ చిన్న ముక్క ఏ బుట్టలోనూ నిలవదు, కాలువలోకే చేరుతుంది. ప్యాకెట్‌ను కాసిని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కట్టగా కట్టి ఉంచితే పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. లోపల వెండిలా మెరిసే చిప్స్ ప్యాకెట్లను మాత్రం ఎవరూ కొనరు. అవి నీలం బుట్టలోకే.